చంద్రకాంతకు మా కాక చెప్పిన తెలుగు

ఆగిపోయిన పాత టీవీ కార్యక్రమాల్లో ఏది మళ్లీ చూడాలనిపిస్తుంది, ఇప్పుడు చూస్తే అప్పటిలా నచ్చుతుందా అని కదా అడిగారు. నేను టీవీకి అతుక్కుపోయే మనిషిని కాదు, అన్నం తినేటప్పుడు ఏది నడుస్తుంటే అది చూస్తా. కాబట్టి నా జవాబును ఆ లెక్కలోనే తీసుకోండి.

మాది మక్తల్ దగ్గర పల్లె. ఇప్పుడు నారాయణపేట జిల్లా కిందికి వచ్చింది గానీ, మేం ఇంకా పాలమూరు అనే అంటాం. 1994లో ఊరి పిల్లలమైన మాకు టీవీ అంటే పంచాయతీ ఆఫీసులోని బ్లాక్ అండ్ వైట్ డబ్బానే. దానికి రెండు పక్కలకు జరిగే చెక్క తలుపులు, చిన్న తాళం. తాళంచెవి సుంకరి, అంటే ఊరి నౌకరు, మొలతాడుకు వేలాడేది. ఆదివారం పొద్దున ఆయన ఇంకా చాయ్ తాగుతుండగానే ఇరవై మందిమి పోయి ఆయన గడప ముందు నిలబడేవాళ్లం.

వచ్చేది దూరదర్శన్‌లో 'చంద్రకాంత'. దేవకీనందన్ ఖత్రీ 1888లో రాసిన హిందీ నవల ఆధారంగా నీరజా గులేరి తీసిన సీరియల్. విజయగఢ్ రాకుమారి, నౌగఢ్ రాకుమారుడు, మధ్యలో విలన్ క్రూర్‌సింగ్. ఇదంతా నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పుడు మాకు హిందీ ముక్క రాదు. క్రూర్‌సింగ్ మాటిమాటికీ అనే 'యక్కూ' ఒక్కటి వచ్చు, దానికి భాషతో పని లేదు కాబట్టి.

ఊర్లో హిందీ తెలిసినవాళ్లంటే బొంబాయి పోయి వచ్చినవాళ్లే. మా చిన్న కాక అక్కడ బిల్డింగు పనికి పోయేవాడు. ఊర్లో ఉన్నన్నాళ్లు ఆయన గోడకు ఒరిగి, బీడీ వెలిగించుకుని, మాకు వరుసగా తెలుగు చెప్పేవాడు. "ఐయ్యార్లంటే ఎవరు కాకా?" అని అడిగితే, "పగటి వేషగాళ్లు రా. మన ఊరికి రారూ? గట్లనే. కాకపోతే వీళ్లు రాజు దగ్గర జీతమున్నరు" అన్నాడు. వేషాలు మార్చి గూఢచర్యం చేసే మనుషుల గురించి ఇంతకంటే బాగా నేను ఇప్పటికీ చెప్పలేను.

కానీ క్రూర్‌సింగ్‌ను ఆయన గుంపు మేస్త్రిని చేశాడు. అడ్వాన్సు ఇచ్చి తోలుకపోతాడట, ఏడాది పని చేయించుకుని లెక్క తేల్చడట. రాకుమారి ఏడ్చినప్పుడల్లా కాక "పైసలడుగుతున్నది" అనేవాడు. రాకుమారికి కూలి డబ్బులేంటని మాలో ఒక్కడికీ అనుమానం రాలేదు. మా ఇళ్లల్లో ఆడవాళ్లు ఏడ్చేది కూడా ఎక్కువగా ఆ లెక్కల మీదే మరి.

ఆ సీరియల్ 1996లో ఆగింది. మాకు అంతకుముందే ఆగిపోయింది. దసరా దాటాక కాక మళ్లీ బొంబాయి బస్సెక్కాడు. తర్వాతి ఆదివారం కూడా పోయి కూర్చున్నాం. గుర్రాలు ఉరుకుతున్నాయి, కత్తులు తగులుతున్నాయి, ఏం జరుగుతోందో చెప్పేవాళ్లు లేరు. నాలుగు వారాలు చూసి గోలీలాటకు పోయాం. 1988లో 'రామాయణం' ఉత్తరకాండ లేకుండా అయిపోతుందంటే జలంధర్‌లో పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు, ఆ తర్వాత రామానంద్ సాగర్ లవకుశుల కథ కూడా తీశారు. మేం సమ్మె చేయాలంటే బొంబాయి బస్సుకు అడ్డం పడుకోవాలి.

1997లో 'శక్తిమాన్' వచ్చేసరికి బడిలో కొంచెం హిందీ అబ్బింది. చివర్లో పిల్లలు "సారీ శక్తిమాన్" అని తప్పు ఒప్పుకునే ముక్కకైతే అదీ అక్కర్లేదు. 2005లో అది ఎప్పుడు ఆగిందో నేను గమనించనే లేదు.

ఇక ఇప్పుడు చూస్తే నచ్చుతాయా? మొన్నామధ్య ఫోన్‌లో 'చంద్రకాంత' పెట్టుకున్నా. రంగుల్లో చూడటం అదే మొదటిసారి. క్రూర్‌సింగ్ కనుబొమ్మలు మీసాల్లా పైకి మెలితిరిగి ఉన్నాయి. మేస్త్రి లక్షణం ఒక్కటీ లేదు, సగం నవ్వించే మనిషి! పది నిమిషాలు ముచ్చటగా అనిపించింది, ఇరవయ్యో నిమిషానికి స్క్రీన్ మీద వేలు పెట్టి ముందుకు జరపడం మొదలుపెట్టా. 'శక్తిమాన్' అయితే మళ్లీ జోలికి పోవద్దనే చెప్తా, జ్ఞాపకంలో ఉన్నదే మేలు.

నిలబడేది తెలుగు కామెడీ సీరియల్ 'అమృతం'. జెమినిలో 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా, 313 ఎపిసోడ్లు. అమృతం పాత్రకు శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ అని ముగ్గురు మారినా, ఆంజనేలుగా గుండు హనుమంతరావు చివరిదాకా ఉన్నారు. ఆయన మొహం పెట్టే టెన్షన్ ఒక్కటి చాలు. ఎక్కువగా ఏ ఎపిసోడ్ కథ ఆ ఎపిసోడ్‌లోనే అయిపోతుంది కాబట్టి, నాలాగా అన్నం ముందు కూర్చుని చూసేవాళ్లకు సరిగ్గా సరిపోతుంది. ఆగిపోయిందన్న బాధ కూడా ఉండదు.

మళ్లీ రావాల్సింది ఏదంటే, నాకు కావలసింది సీరియల్ కాదు. పోయిన సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు కాకకు ఫోన్‌లో 'చంద్రకాంత' చూపించా. కాక ఇప్పుడు ఊర్లోనే ఉంటున్నాడు, కళ్లు సరిగా ఆనవు. ఫోన్ ముక్కు దాకా తెచ్చుకుని, పక్కనున్న మా పిల్లగానికి తెలుగు చెప్పడం మొదలుపెట్టాడు. వాడు హైదరాబాద్‌లో చదువుతున్నాడు, హిందీ బాగానే వచ్చు. "తాతా, ఆమె అట్లా అనలేదు" అన్నాడు.

"నువ్వూకో రా," అన్నాడు కాక. "బొంబాయిల ఇరవై ఏండ్లున్న నేను."