ముఖానికి సూదుల రోలర్: బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

చి. ల. సౌ. బుజ్జికి,
పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు పంపిన సూదుల రోలర్ ఫొటో చూశాను. నల్లటి పిడి, ఊదారంగు తల, డబ్బా మీద 540 అని పెద్ద అంకెలు, వాటి కింద చిన్నగా 1.5. దీనితో ముఖం మీద ముడతలు పోతాయా అని అడిగావు. ఈ వయసులో ఈ సోకులెందుకని మీ అమ్మలాగా నేను అనను. యాభై దగ్గరపడినంత మాత్రాన అద్దం ముందు నిలబడకూడదని ఎక్కడా రాసిలేదు. కాకపోతే చర్మవ్యాధుల విభాగంలో నర్సుగా చేసి రిటైరైనదాన్ని కాబట్టి ఈ ఒక్క విషయంలో నా మాట వినాలి. ఆ 1.5 రోలర్‌ను ముఖానికి తాకించవద్దు.

540 అన్నది సూదుల సంఖ్య. దాన్ని చూసి మురిసిపోనక్కర్లేదు. ఆస్పత్రుల్లో వాడే మామూలు రోలర్‌కు ఎనిమిది వరుసల్లో 192 సూదులే ఉంటాయి. నువ్వు చూడవలసింది ఆ చిన్న అంకెను. అది సూది పొడవు, మిల్లీమీటర్లలో. ముఖం మీద చర్మపు పైపొర మందం మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. కనురెప్పల మీద ఇంకా పలచన. చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే మాంసకృత్తి, రక్తనాళాలు, నరాల కొసలు ఉండేది దాని కింది పొరలో. ఒకటిన్నర మిల్లీమీటర్ల సూది దిగితే రక్తపు చుక్కలు తేలక తప్పవు. అంత పొడవు సూది వాడేటప్పుడు ఆస్పత్రిలో ముందు మత్తు క్రీము రాసి ముప్పావు గంటో గంటో ఆగుతారు. ముఖమంతా శుభ్రం చేసి, సీలు తీయని కొత్త రోలర్ విప్పుతారు. ఏదైనా తేడా వస్తే చూడటానికి డాక్టరు పక్కనే ఉంటారు. నీ పడకగదిలో ఇవేవీ లేవు కదా.

ఇంట్లో వాడదలచుకుంటే 0.2 నుంచి 0.3 మధ్య ఉన్నది కొనుక్కో. 0.5 జోలికి వెళ్లాలంటే ముందు డాక్టరుకు చర్మం చూపించాలి. ఇక్కడ నిన్ను కొంచెం నిరుత్సాహపరచక తప్పదు. కొల్లాజెన్ చెప్పుకోదగినంత పుట్టాలంటే సూది అర మిల్లీమీటరో, అంతకంటే ఎక్కువో దిగాలి. 0.25 సూదితో ముఖ్యంగా జరిగేవి రెండే: చర్మం కాస్త నునుపుదేరుతుంది, పైన రాసుకున్నది లోపలికి బాగా ఇంకుతుంది. కళ్ల పక్కన ఉండే సన్నని గీతలు కొంత తగ్గవచ్చు. ముక్కు పక్కనుంచి మూతి దాకా దిగే లోతైన మడత, దవడ కింద జారిన చర్మం, బుగ్గల్లో తరిగిపోయిన కండ, వీటిని ఏ రోలరూ ఏమీ చేయలేదు. ఇంత తెలిసీ సరేననుకుంటేనే కొనుక్కో.

సూదులతో గుచ్చుకుంటే చర్మం బాగుపడటమేమిటని మీ అమ్మ నవ్విందని రాశావు. ఆ సంగతి మొదట బయటపడింది పచ్చబొట్టు దగ్గర. కెనడాలోని మాంట్రియల్‌లో కమిరాండ్ అనే ప్లాస్టిక్ సర్జన్ ఉండేవారు. ఆపరేషన్ల తర్వాత తెల్లగా మిగిలిపోయిన మచ్చలు కనిపించకుండా, పచ్చబొట్టు యంత్రంతో వాటికి ఒంటి రంగు ఎక్కించేవారు. కొంతకాలానికి ఆ రంగు వెలిసిపోయింది గానీ, మచ్చలు మెత్తబడి వాటికి సొంత రంగు కొంత తిరిగి రావడం గమనించారు. రంగు లేకుండా ఉత్త సూదితోనే చేసి చూసి 1997లో ఆ సంగతి ప్రచురించారు. తర్వాత దక్షిణాఫ్రికాలో డెస్మండ్ ఫెర్నాండెస్ అనే మరో సర్జన్ దీన్ని రోలర్ రూపానికి తెచ్చారు. కాబట్టి ఇది బ్యూటీ పార్లర్లలో పుట్టిన వింత కాదని మీ అమ్మకు చెప్పు.

సూది దిగిన చోట ఒళ్లు దాన్ని గాయంగానే తీసుకుంటుంది. రెండు మూడు రోజులు లోపల వాపు ఉంటుంది. ఆ తర్వాత కొత్త కణాలు చేరతాయి. కొల్లాజెన్ అల్లుకోవడం, అది గట్టిపడటం వారాలు, నెలల తరబడి సాగుతుంది. అసలు పని జరిగేదంతా నువ్వు రోలర్‌ను డబ్బాలో పెట్టేసిన తర్వాతే. రోజు విడిచి రోజు రుద్దుకునేవాళ్లు ఆ మరమ్మతును మధ్యలోనే చెడగొడుతున్నారు. తెల్లతోలు వాళ్లకు అది ఎర్రదనంతో పోతుందేమో గానీ, మన చామనఛాయ చర్మం ఒరుసుకుపోయిన ప్రతిచోటా నల్లబడుతుంది. ముడత పోగొట్టుకోవాలని మొదలుపెట్టి మంగు తెచ్చుకున్న వాళ్లు మా విభాగానికి వచ్చేవారు, ఆ నలుపు తగ్గడానికి నెలలు పట్టేది. 0.25 రోలర్ అయితే పదిహేను రోజులకు ఒకసారి చాలు. డాక్టరు ఒప్పుకుని 0.5 వాడితే నెలకు ఒకసారి. తేడా తెలియడానికి కనీసం రెండు మూడు నెలలు పడుతుంది. వారానికోసారి సెల్ఫీ తీసి పోల్చుకోవడం వృథా.

కొనేటప్పుడు తలను పక్కనుంచి చూడు. మంచి రోలర్‌లో ఒక్కో సూదీ విడివిడిగా దిగేసి ఉంటుంది. చవక సరుకులో అలా ఉండదు. పలచని రేకు చక్రాలను అంచుల్లో పళ్లలా కోసి, ఒకదాని పక్కన ఒకటి గుచ్చేస్తారు. వాటికి ఉండేది సూదిమొన కాదు, బ్లేడు అంచు. అవి గుచ్చవు, కోస్తాయి. గిల్టు నగలు పెట్టుకుంటే చెవులు దురదపెట్టే రకం నువ్వు. స్టీలు సూదుల్లోనూ నికెల్ ఉంటుంది, అందుకని టైటానియం సూదులవి చూడు. రోలర్ కంటే స్టాంపులా నిలువుగా అద్దే రకం ఇంకా నయమని నా అభిప్రాయం. తిరిగే రోలర్‌లో సూది ఏటవాలుగా దిగి ఏటవాలుగానే బయటికి వస్తుంది, ఆ దారిలో చర్మాన్ని కొద్దిగా చీలుస్తుంది. స్టాంపు నేరుగా దిగి నేరుగా లేస్తుంది.

వాడబోయే ప్రతిసారీ ఒక పరీక్ష చేయాలి. కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని, చిన్న దూది ముక్కను సూదుల మీద మెల్లగా దొర్లించు. ఎక్కడైనా పోగు చిక్కుకుని వేలాడిందంటే అక్కడ సూది మొన కొక్కెంలా వంగింది. వంగిన సూది కంటికి కనిపించదు గానీ భూతద్దం పెడితే తెలుస్తుంది. ఒక్క పోగు చిక్కినా ఆ రోలర్ పని అయిపోయినట్టే. చిక్కకపోయినా పది పన్నెండు సార్లకు మించి వాడవద్దు. మొద్దుబారిన సూదికి నువ్వు తెలియకుండానే బలం ఎక్కువ పెడతావు.

శుభ్రం చేయడానికి మందుల దుకాణంలో 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని అడిగి, సీసా మీద చదివి మరీ తీసుకో. చిన్న గాజుగిన్నెలో తల మునిగేంత పోసి పది నిమిషాలు ఉంచు. సూదులు గిన్నె అడుగుకు తగలకూడదు, పిడిని అంచుకు ఆనించు. తీశాక గాలికి పూర్తిగా ఆరనివ్వు. తడి ఆల్కహాల్‌తో గుచ్చుకుంటే మంటకు గెంతులు వేస్తావు. మరగబెట్టడం వద్దు, ప్లాస్టిక్ వంకరపోతుంది. డెట్టాల్ నీళ్లు వద్దు. వాడకం అయ్యాక వేడినీళ్ల ధార కింద కడిగి, మళ్లీ ఆల్కహాల్‌లో ముంచి, ఆరాక మూత పెట్టాలి. తువ్వాలుతో తుడిస్తే నూలుపోగులు సూదుల్లో ఇరుక్కుంటాయి. ఇంత చేసినా అది ఆస్పత్రిలో స్టెరైల్ చేసినదానితో సమానం కాదు. ఇంట్లో పొట్టి సూదే వాడమనడానికి అదీ ఒక కారణం.

రాత్రిపూట పెట్టుకో, ఇంటిపనంతా అయ్యాక. వాసన లేని సబ్బుద్రవంతో ముఖం కడుక్కుని ఆరనివ్వు. ఎడమచేత్తో చర్మం కొద్దిగా సాగదీసి పట్టుకుని, ఒక దిక్కుగా నాలుగుసార్లు దొర్లించు. ప్రతి గీత చివరా రోలర్‌ను పైకెత్తి మళ్లీ పెట్టాలి. చర్మం మీద ఉంచి తిప్పావంటే గీరుకుంటుంది. మొదట నిలువుగా, తర్వాత అడ్డంగా, చివర ఐమూలగా. చపాతీకర్ర మీద పెట్టే బలంలో నాలుగో వంతు కూడా అక్కర్లేదు, రోలర్ బరువే చాలు. కంటి చుట్టూ ఎముక అంచు చేతికి తగులుతుంది కదా, ఆ ఎముక దాటి లోపలికి రావద్దు. పెదవుల మీద వద్దు. మెడ మీద చర్మం పలచన, అక్కడ రెండు సార్లు చాలు. ఎర్రబడటం నీ రంగులో సరిగా కనిపించకపోవచ్చు, అరచేయి వెనుకభాగం ఆనించి చూడు. వెచ్చగా తగిలితే ఆపేయాలి. రక్తపు చుక్క కనిపించిందంటే ఎక్కువ నొక్కావన్నమాట.

ఆ తర్వాత ఏం రాసుకోవాలన్నది చాలామంది తప్పుచేసే చోటు. రంధ్రాలు తెరుచుకున్నాయి కదా, ఇప్పుడు సీరం పోస్తే లోపలికి పోతుందని అమ్మేవాళ్లు చెబుతారు. లోపలికి పోవడం నిజమే, చిక్కల్లా అదే. చర్మం పైన రాసుకోవడానికి చేసిన మందులో పరిమళం, రంగు, నిల్వ ఉంచే రసాయనాలు ఉంటాయి. అవన్నీ పైపొర కాపలా దాటి లోపలికి దిగుతాయి. సూదులతో గుచ్చుకుని పైన విటమిన్ సి సీరం లాంటివి రాసుకున్న మహిళలకు ముఖమంతా ఎర్రటి గట్టి బుడిపెలు లేచిన సంగతి 2014లో అమెరికా చర్మవైద్యుల పత్రికలో వచ్చింది. కాబట్టి ఆ రాత్రి వాసన లేని మామూలు మాయిశ్చరైజరో, వట్టి హైల్యురోనిక్ యాసిడ్ జెల్లో, అంతే. పసుపు, నిమ్మరసం, పెరుగు, శనగపిండి నాలుగు రోజుల దాకా దూరం. కుంకుమ కూడా ఒక రోజు మానేయి, స్టిక్కర్ బొట్టు జిగురు అసలే వద్దు. దేవుడేమీ అనుకోడు. పడుకునే ముందు దిండు గలీబు మార్చు. జుట్టుకు రంగు వేసుకునే రోజుకు, దీనికి మధ్య వారం ఎడం ఉంచు. ముడతలకని రెటినాల్ క్రీము ఏదైనా రాసుకుంటుంటే మూడు రోజుల ముందు ఆపి, చర్మం కుదుటపడ్డాకే మళ్లీ మొదలుపెట్టు.

రేపు వచ్చే కోడలు కూడా ఒకసారి చూస్తానంటే ఇవ్వవద్దు, ఎంత ప్రేమ ఉన్నా సరే. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో, అల్బుకర్కీ నగరంలోని ఒక స్పాలో 2018లో సూదులతో ముఖానికి చికిత్స చేయించుకున్న కొందరికి హెచ్ఐవీ సోకింది. హెపటైటిస్ బి కూడా ఇదే దారిన వస్తుంది. ఒక రోలర్ ఒకే ముఖానికి.

ముఖం మీద చీము మొటిమలుంటే, పెదవి పక్కన జ్వరపు పొక్కులు లేచి ఉంటే, ఉలిపిరికాయలుంటే మానేయాలి. రోలర్ వాటిని ముఖమంతా పాకిస్తుంది. బొల్లి, సోరియాసిస్ ఉన్నవాళ్లకు గుచ్చిన చోటల్లా కొత్తగా లేచే ప్రమాదం ఉంది. చెవులు కుట్టించిన చోట కాయలా గడ్డకట్టే ఒంటితీరు ఉన్నవాళ్లు, షుగరు అదుపులో లేనివాళ్లు, మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు మింగుతున్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు.

ఇప్పుడు రోహిణి కార్తె ఎండలు. ఈ ఎండల్లో మొదలుపెట్టడం తెలివితక్కువ పని. కార్తీకం దాకా ఆగు. అంతవరకు ఊరికే కూర్చోమనడం లేదు, రోజూ పొద్దున సన్‌స్క్రీన్ రాసుకో, వంటింట్లోకి వెళ్లే ముందే. ఎస్‌పీఎఫ్ 30 పైన ఉన్నది, రెండు వేళ్ల పొడవున పిండుకుని ముఖానికీ మెడకూ. ఆస్ట్రేలియాలోని నాంబోర్‌లో తొమ్మిది వందల మందిని నాలుగున్నరేళ్లు గమనించారు. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్లలో చర్మం ముదరడం మిగతావాళ్లకంటే 24 శాతం తక్కువని 2013లో తేల్చారు. నెలసరి ఆగిన మొదటి అయిదేళ్లలో చర్మంలోని కొల్లాజెన్ దాదాపు 30 శాతం తరిగిపోతుందంటారు. నువ్వు ఆ గుమ్మంలోనే ఉన్నావు, కాబట్టి ఉన్నదాన్ని ఎండకు కరగనివ్వకపోవడం ముందు పని. డాక్టరు రాసిస్తే రాత్రిళ్లు ట్రెటినోయిన్ క్రీము కూడా రోలర్ కంటే నమ్మకమైన మందు. కార్తీకం నాటికి ఈ రెండూ అలవాటైతే, అప్పుడు 0.25 రోలర్ కొనే సంగతి చూద్దాం. మాఘంలో మీ అబ్బాయి పెళ్లి అనుకుంటున్నారు కదా, పెళ్లికి పదిహేను రోజుల ముందే ఆపేయాలి. మంగళస్నానం పసుపు గుచ్చిన చర్మానికి తగలకూడదు.

ఆ 1.5 రోలర్‌ను వెనక్కి పంపే వీలుంటే పంపు. లేకపోతే తలకు మందపాటి టేపు చుట్టి, గట్టి డబ్బాలో వేసి మూత బిగించి పారేయి. చెత్త ఎత్తే మనిషి చేతికి గుచ్చుకోకూడదు.

అన్నట్టు, బీపీ మాత్రతో పాటు రక్తం పలచబడే మాత్ర ఏదో వేసుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. డాక్టరు రాసిన చీటీ ఫొటో తీసి రేపే పంపు, చూసి చెబుతాను.

మీ పెద్దమ్మ