మర్నాటి కూరకు ఆ వాసన ఎందుకు?

ప్రశ్న: దున్న మాంసం కూర వండిన పూట ఘుమఘుమలాడుతుంది. మర్నాడు వేడిచేస్తే పాత నూనె కంపు. కొవ్వంతా తీసేసినా అంతే. ఎందుకండీ?
– ఒక పాఠకురాలు, సిరొంచ

జవాబు: తప్పు మీరు తీసేసిన కొవ్వుది కాదమ్మా. కంటికి కనబడే తెల్లకొవ్వులో స్టియరిక్, పామిటిక్, ఓలీక్ ఆమ్లాలే ఎక్కువ. అవి తొందరగా చెడవు. అసలు గొడవ కండ కణాల పొరల్లో పిసరంత ఉండే ఫాస్ఫోలిపిడ్లనే మరో రకం కొవ్వుతో. ఉడికాక మాంసంలోని ఇనుము విడివడుతుంది, గాలి సోకుతుంది, ఆ కొవ్వు విరిగి హెక్సనాల్ లాంటి వాసన పదార్థాలు పుడతాయి. మీ ముక్కుకు తగిలేది అదే.

ఈసారి కిలోకు 50 గ్రాముల కొవ్వు ఉంచి, ముందు దాన్నే సన్నసెగన కరిగించి ముక్కలు వేయించండి. లవంగాలు తగ్గించకండి, అవి కొంత అడ్డుపడతాయి. మిగిలిన ముక్కలు పులుసులో మునిగేలా చిన్న గిన్నెలో సర్ది, 2 గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. వేపుడైతే మాత్రం దాచకండి.