కుట్టు విప్పే ముందు

అల్లుడూ,

కావలి దగ్గర ఏదో పాత బంగళా ఖాళీ చేస్తుంటే అట్టపెట్టెల కొద్దీ పుస్తకాలు కొన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అందులో లండన్‌లో అచ్చయిన పెద్ద పుస్తకం ఒకటి ఉందట, నిండా రంగు బొమ్మలు, మడత మ్యాపులూనట. చెన్నై ఆయనెవరో బొమ్మలు, మ్యాపులు విడిగా ఇస్తే పుస్తకం ధరకు మూడింతలు ఇస్తానన్నాడట. "మామ బైండింగ్ చేసిన మనిషే గదా, నీటుగా విప్పిస్తాడు" అన్నావట. విప్పడం నాకొచ్చు. ఎందుకు విప్పనో మాత్రం ఫోన్‌లో చెప్తే తెగదు, అందుకే రాస్తున్నా.

నీ లెక్క తప్పని అనను. పుస్తకాన్ని పుస్తకంగా కొనేవాడు ఏడాదికొకడు వస్తే గొప్ప. గోడకు తగిలించుకునేవాళ్లు మాత్రం బోలెడుమంది. కోరమాండల్ తీరం, పులికాట్ సరస్సు ఉన్న పాత మ్యాపంటే హోటళ్లు అలంకరించేవాళ్లు ఎగబడతారు. ఇది కొత్త వ్యాపారమేం కాదు. 1921లో న్యూయార్క్‌లో గేబ్రియల్ వెల్స్ అనే వ్యాపారి యూరప్‌లో అచ్చు అక్షరాలతో వేసిన మొదటి పెద్ద పుస్తకం, సాక్షాత్తూ గూటెన్‌బర్గ్ బైబిల్‌నే విప్పేసి ఆకులుగా, అంటే ఒక్కో కాగితంగా అమ్మాడు. అది పూర్తి ప్రతి కాదు గదా అన్నది ఆయన వైపు మాట. క్లీవ్‌లాండ్‌లో ఆటో ఎగి అనే బొమ్మల మాస్టారు చేతిరాత గ్రంథాలు ఎన్నో విప్పాడు. మొత్తం గ్రంథం మామూలు మనిషి ఎటూ కొనలేడు, ఒక్క ఆకైనా నలుగురికీ అందనీ అన్నది ఆయన వాదన. నువ్వూ అదే అంటున్నావు: పెట్టెలో ఉంటే చెదలు తింటాయి, గోడమీదుంటే పదిమంది చూస్తారని.

ఆ మాటలో కొంత నిజముంది. కానీ తర్వాత ఏమైందో చూడు. ఫ్రాన్స్‌లోని బోవే ఊరి చర్చిలో పూజకు వాడిన చేతిరాత గ్రంథం ఒకటి, 309 ఆకులది, 1942లో ఎగి, ఇంకో వ్యాపారి చేతుల్లో పడి చెదిరిపోయింది. ఇప్పుడు పండితులు ఒక్కో ఆకు ఎక్కడుందో వెతికి, ఫొటోలు తెప్పించుకుని కంప్యూటర్‌లో వరసగా పేరుస్తున్నారు. నూటికి పైగా దొరికాయి. 2022లో అమెరికాలో ఒకరి ఇంటి సామాన్లు అమ్ముతుంటే ఒక ఆకు 75 డాలర్లకు పోయింది. కొన్న కుర్రాడు అలాంటి గ్రంథాల గురించి కాలేజీలో చదువుకున్నాడు కాబట్టి పోల్చుకున్నాడు. ఒక్క సాయంత్రం బ్లేడుతో చేసిన పనికి ఎనభై ఏళ్ల తర్వాత కూడా జనం ఇలా తిరుగుతూనే ఉన్నారు.

మన జిల్లా సంగతికే వద్దాం. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు అధికారులు కలిసి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా వేశారు. ఒంగోలు, దర్శి, కనిగిరి, కందుకూరు శాసనాలు కూడా అందులోనే ఉన్నాయి. ప్రకాశం జిల్లా అప్పటికి పుట్టలేదు గదా, అది 1970 మాట. అందులో రాగి శాసనాలు, అంటే రాజులు రాగి రేకుల మీద చెక్కించిన దానపత్రాలు చూడు. రేకులకు చిల్లు పెట్టి కడియం తొడిగి, దాని మీద ముద్ర వేసేవాళ్లు. మొదటి రేకుల్లో రాజు వంశం, తర్వాత ఎవరికి ఇచ్చాడు, ఏ ఊరిలో ఇచ్చాడు, పొలిమేరలు ఏవి అన్నది వస్తుంది. కడియం కోసి చివరి రేకు అమ్మేస్తే దానం చేసిన రాజు మిగులుతాడు, ఊరు పోతుంది. మొదటిది అమ్మితే ఊరు ఉంటుంది, ఇచ్చిందెవరో తెలియదు. రేకు మాత్రం చూడముచ్చటగానే ఉంటుంది, గాజు వెనక పెట్టుకోవచ్చు కూడా.

నీ పుస్తకం కుట్టు కూడా ఆ కడియమే. కొనేవాడికి బొమ్మ ఒక్కటే కనిపిస్తుంది. పనివాడికి ఇంకా చాలా కనిపిస్తాయి. ఏ బొమ్మ ఏ పేజీకి ఎదురుగా ఉండేదో ఎదుటి కాగితం మీద పడిన మసక చెప్తుంది. పురుగు తొలిచిన బెజ్జం వరసగా ఏ ఆకుల్లోంచి పోయిందో చూస్తే అవి మొదట్నుంచీ పక్కపక్కనే ఉన్నాయని తెలుస్తుంది. అంచుల్లో పాత యజమాని పెన్సిల్ రాతలు, ముందే డబ్బు కట్టిన చందాదారుల పట్టిక, ఇవేవీ ఫ్రేములోకి ఎక్కవు. బొమ్మలు లాగేశాక మిగిలిన అక్షరాల కట్ట ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? పాత కాగితాల బేరానికి తూకానికి పోతుంది. పుస్తకం రాసినవాడు చెప్పిందంతా ఆ తూకంలోనే పోతుంది.

కాబట్టి పూర్తిగా ఉన్న పుస్తకాన్ని విప్పొద్దు. ఇందులో బేరం లేదు. "ఇది ఎలాగూ పూర్తి ప్రతి కాదు" అన్న మాట కూడా తొందరపడి నమ్మకు. ఒక వ్యాపారి రెండు మ్యాపులు లాగి అమ్ముతాడు, తర్వాతి వాడు "రెండు లేవు గదా" అని మిగతావి లాగుతాడు. ముందు లోపలి బొమ్మల పట్టికతో ఒక్కొక్కటి సరిచూడు.

నిజంగా చెదలు తినేసి, పేరు పేజీ పోయి, సగం మట్టయిపోయిన పుస్తకం సంగతి వేరు. దాంట్లో మిగిలిన నాలుగు బొమ్మలు అమ్ముకుంటే నేను తప్పు పట్టను. విప్పేముందు ప్రతి ఆకూ ఫొటో తియ్యి. ఏ పుస్తకం, ఏ సంవత్సరం, ఎక్కడ దొరికిందో చీటీ రాసి బొమ్మతోపాటు ఇవ్వు. అక్షరాల ఆకులు పారేయకు.

ఇంకో రకం కూడా నీ పెట్టెల్లో ఉండే ఉంటుంది. శతకాలు, పంచాంగాలు, యక్షగానాలు నాలుగైదు కలిపి ఒకే బైండు వేయించుకునేవాళ్లు ఆ రోజుల్లో. వాటిని వేరు చేస్తే ఏ ఒక్కటీ చెడదు కాబట్టి కొందరు వెనకాడరు. నేనైతే విప్పను, ఆ ఇంట్లో ఏం చదివేవాళ్లో ఆ కట్టే చెప్తుంది. నువ్వు విప్పినా వరస రాసిపెట్టు.

విడి ఆకులు కొనేటప్పుడు మరీ జాగ్రత్త. 2005లో యేల్ యూనివర్సిటీ లైబ్రరీలో ఫోర్బ్స్ స్మైలీ అనే మ్యాపుల వ్యాపారి పట్టుబడ్డాడు, నేలమీద బ్లేడు ఒకటి కనిపించి. తర్వాత 97 మ్యాపుల దొంగతనం ఒప్పుకున్నాడు. విడి మ్యాపుకు ఊరూ పేరూ ఉండదు, దొంగకు కావలసింది అదే. ఒక అంచు కొత్తగా కోసినట్టున్నా, లైబ్రరీ ముద్ర ఉండాల్సినచోట కాగితం తెల్లబడి ఉన్నా ఆ బేరం వదిలెయ్యి. పెట్టెల్లో చేతిరాత ప్రతులు, దస్తావేజులు కనిపిస్తే పక్కన పెట్టు. 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతి 1972 చట్టం కింద పురావస్తువే, ప్రైవేటు వాళ్లు దేశం దాటించకూడదు. ఆన్‌లైన్‌లో ఎవడో డాలర్లు చూపిస్తే ఆశపడి పార్సెల్ కట్టేవు, జాగ్రత్త.

ఇక డబ్బు మాట. చెన్నై ఆయనకు మొత్తం పుస్తకం ధర చెప్పు, తీసుకోకపోతే పోనీ. బొమ్మలు మంచి స్కానర్‌లో తీయించి పెద్ద ప్రింట్లు వేయించు, అవి కొత్త ప్రింట్లని వెనక స్పష్టంగా రాసి అమ్ము. రచయితా, బొమ్మలు గీసినవాడూ పోయి అరవై ఏళ్లు దాటితే కాపీరైటు గొడవ ఉండదు. గోడకు కావలసింది బొమ్మే గదా, అసలు కాగితం ఎండ తగిలే హాల్లో పెడితే రంగు పోతుంది కూడా. అమ్మాలనే ఉంటే ముందు వేటపాలెం సారస్వత నికేతనం వాళ్లను అడుగు. 1918 నుంచి ఉన్న లైబ్రరీ అది. 2022లో బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ, నా నోటికి ఇంకా ప్రకాశమే వస్తుంది. నువ్వు అనుకున్నంత ఇవ్వలేకపోవచ్చు, ఆ తేడా ప్రింట్ల మీద చూసుకో.

ఆదివారం పుస్తకం తీసుకుని నెల్లూరు రా. సడలిన కుట్టు మళ్లీ వేస్తాను, మైదా కాకుండా గంజి పెట్టి. అప్పటిదాకా చిరుగుల మీద సెల్లో టేపు మాత్రం అంటించకు.

మీ మామ