వారెంట్ లేకుండా జీతాల రికార్డులు అడగొచ్చా?

ప్రశ్న: న్యూజెర్సీలో చిన్న ఐటీ కన్సల్టెన్సీ నడుపుతున్నాను. అమెరికా కార్మిక శాఖ అధికారి మా రిసెప్షన్‌కు వచ్చి సమన్లు ఇచ్చారు. రెండేళ్ల పేరోల్ రికార్డులు తెమ్మన్నారు. వారెంట్ చూపించలేదు. ఇవ్వనని చెప్పొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: వారెంట్ లేదన్న ఒక్క కారణంతో కాదనలేరండీ. ఇలాంటి గొడవే 1984లో ‘డోనవన్ వర్సెస్ లోన్ స్టీర్’ కేసుగా అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లింది. నార్త్ డకోటాలోని లోన్ స్టీర్ అనే మోటల్‌లో, అందరూ తిరిగే చోటే కార్మిక శాఖ మనిషి సమన్లు ఇచ్చి, జీతాల రికార్డులతో రమ్మన్నారు. వారెంట్ కావాల్సిందేనని యాజమాన్యం వాదించి కింది కోర్టులో గెలిచింది. సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ తీర్పును కొట్టేసింది. అధికారి లోపలి గదుల్లో సోదా చేయలేదు, కాగితాలు తెమ్మన్నారంతే, దానికి వారెంట్ అక్కర్లేదని చెప్పింది. మీరు ఒప్పుకోకుండా లోపలికొచ్చి వెతకాలంటే మాత్రం సాధారణంగా వారెంట్ ఉండాలి. అది 1978 నాటి బార్లో కేసులో సుప్రీంకోర్టు తేల్చిన విషయం.

అలాగని అడిగినవన్నీ అప్పగించనక్కర్లేదు. సమన్లలో అడిగినవి విచారణకు సంబంధించినవై ఉండాలి, ఏవేవో స్పష్టంగా చెప్పాలి, మోయలేని భారం కాకూడదు. అభ్యంతరం ఉంటే ముందు జడ్జి వినాలి, శిక్ష సంగతి ఆ తర్వాతే. లాస్ ఏంజెలెస్‌లో పోలీసులు అడగ్గానే అతిథుల రిజిస్టరు చూపించని హోటల్‌వాళ్లకు ఆరు నెలల వరకు జైలు పడేలా నగర చట్టం ఉండేది. పటేల్ ఇంటిపేరున్న మోటల్ యజమానులు సవాలు చేస్తే, జడ్జి దగ్గరికి వెళ్లే అవకాశమే లేదని సుప్రీంకోర్టు 2015లో 5–4 మెజారిటీతో ఆ నిబంధనను కొట్టేసింది.

హెచ్‌1బీ ఉద్యోగులుంటే లెక్క వేరు. ఇమిగ్రేషన్ శాఖ సైట్ విజిట్‌కు (ఆఫీసుకొచ్చి చేసే తనిఖీకి) సహకరించకపోతే వీసా పిటిషన్ తిరస్కరించొచ్చు, ఆమోదించినదాన్నీ రద్దు చేయొచ్చు. హక్కుల వాదన అక్కడ పెద్దగా ఆదుకోదు. ఐ-9 ఫారాల (ఉద్యోగికి అమెరికాలో పనిచేసే అర్హత ఉందని నింపే పత్రాల) తనిఖీకైతే కనీసం మూడు పనిదినాల గడువు ఇస్తారు.

రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయికి ఇవాళే చెప్పండి: ఎవరొచ్చినా కార్డు తీసుకుని మీకు కబురు చేయాలి, తనంతట తాను లోపలికి తీసుకెళ్లకూడదు. సరేనని తీసుకెళ్తే మీరు ఒప్పుకున్నట్టే వాదిస్తారు. ఒక్క ఫైలూ చెరపొద్దు, పాత తేదీలతో కొత్తవి తయారు చేయొద్దు. జీతాల తేడాకు జరిమానాతో పోయేది, ఈ పనికి జైలు దాకా వెళ్తుంది. సమన్లలో ఉన్న గడువులోపే అక్కడి లేబర్ లాయర్‌తో రాతపూర్వకంగా జవాబు ఇప్పించండి. సమయం చాలకపోతే అందులోనే వాయిదా అడగండి.