మార్కెట్‌ను నమ్మేవాళ్లకు యుద్ధం ఎందుకు పడదు?

ప్రశ్న: ప్రభుత్వం వ్యాపారం జోలికి రాకూడదనే లిబర్టేరియన్లు డబ్బున్నవాళ్ల పక్షమే అనుకుంటాం. మరి యుద్ధాలను అంత గట్టిగా ఎందుకు వ్యతిరేకిస్తారు? ఆయుధాలు అమ్మడమూ వ్యాపారమే కదా!

జవాబు: వ్యాపారమే, కానీ వాళ్ల లెక్కలో అది మార్కెట్ కాదు. ఆయుధాల కంపెనీకి అసలు ఖాతాదారు ప్రభుత్వం, ఆ ప్రభుత్వం ఖర్చుపెట్టేది పన్నుల డబ్బు, ఆ సరుకు నాకొద్దు బాబోయ్ అని మీరు మొత్తుకున్నా పన్ను కట్టక తప్పదు. ఇందులో స్వేచ్ఛ ఎక్కడుందని వాళ్లడుగుతారు. 1961లో అమెరికా అధ్యక్ష పదవి దిగిపోతూ సైన్యం, ఆయుధ పరిశ్రమ కలిస్తే వచ్చే పలుకుబడి గురించి హెచ్చరించిన ఐసెన్‌హోవర్ లిబర్టేరియనేమీ కాదు, మాజీ సైన్యాధిపతి. అయినా వీళ్లు ఆ మాటను ఇప్పటికీ వదలరు.

అయితే వాళ్ల అసలు భయం వేరు. యుద్ధం పేరు చెప్పి ప్రభుత్వం తీసుకున్న అధికారం, యుద్ధం ముగిశాక కొంత వెనక్కి వస్తుందేమో గానీ మొత్తం రాదు. అమెరికాలో 1913లో ఆదాయపు పన్ను పెట్టినప్పుడు పై స్థాయి రేటు 7 శాతం. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, 1918కల్లా అది 77 శాతం. తర్వాత తగ్గించారు, నిజమే, 1925లో 25 శాతానికి తెచ్చారు, కానీ ఆ పాత 7 మళ్లీ కనిపించలేదు. ఆర్థిక చరిత్రకారుడు రాబర్ట్ హిగ్స్ వాదన మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది: ప్రతి సంక్షోభం ప్రభుత్వాన్ని ఒక మెట్టు ఎక్కిస్తుంది, దిగేటప్పుడు అది సగం మెట్టే దిగుతుంది. జీతం చేతికి రాకముందే పన్ను కోసుకునే పద్ధతి అమెరికాలో స్థిరపడింది కూడా 1943లో, యుద్ధ ఖర్చు కోసమే. తమాషా ఏమిటంటే దాన్ని రూపొందించడంలో చేయి వేసినవాళ్లలో, తర్వాత లిబర్టేరియన్లకు ఆరాధ్యుడైన ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఒకడు! అప్పుడాయన ట్రెజరీలో, అంటే అమెరికా ఆర్థిక శాఖలో ఉద్యోగి.

ప్రశ్న: దేశాలు ఒకదానితో ఒకటి వ్యాపారం చేసుకుంటే యుద్ధాలు రావంటారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. ఇంగ్లండ్‌లో ధాన్యం దిగుమతి సుంకాల మీద పోరాడి 1846లో ఆ చట్టాలను రద్దు చేయించిన ఎంపీలు కాబ్డెన్, బ్రైట్ ఈ నమ్మకంతోనే బతికారు. క్రిమియా యుద్ధం వద్దని తిట్లు తిన్నారు, 1857 ఎన్నికల్లో ఇద్దరూ ఓడిపోయారు, అయినా మాట మార్చలేదు. వాళ్ల మీద నాకు గౌరవమే. కానీ 1914 నాటికి బ్రిటన్, జర్మనీల మధ్య వ్యాపారం జోరుగా సాగుతూనే ఉంది, యుద్ధం ఆగిందా? వ్యాపారం వల్ల యుద్ధం ఖరీదైపోతుంది, అంతవరకే. ఆ ఖరీదు కట్టేవాళ్లూ యుద్ధానికి దిగాలని తేల్చేవాళ్లూ ఒకరే కానప్పుడు అదేం అడ్డుకుంటుంది?

ప్రశ్న: నిర్బంధంగా సైన్యంలో చేర్చుకోవడం గురించి వీళ్లేమంటారు?

జవాబు: ఇక్కడ మాత్రం దాదాపు అందరిదీ ఒకటే మాట, వద్దు. వియత్నాం యుద్ధకాలంలో జీతానికొచ్చే కిరాయి సైన్యాన్ని నడపడం తనకిష్టం లేదని అక్కడ అమెరికా సేనలను నడిపిన జనరల్ వెస్ట్‌మోర్‌లాండ్ అంటే, బానిసల సైన్యాన్ని నడుపుతారా మరి అని ఫ్రీడ్‌మన్ ఎదురడిగాడు. 1973లో అమెరికా నిర్బంధంగా చేర్చుకోవడం ఆపేసింది.

ప్రశ్న: మరి పక్క దేశం దండెత్తి వస్తే? అప్పుడూ ప్రభుత్వం వద్దంటారా?

జవాబు: వాళ్లలో వాళ్లే కొట్టుకునేది ఇక్కడే. ఆత్మరక్షణ తప్పని ఎవరూ అనరు, గొడవంతా ఇంకొకరి యుద్ధంలో మన పన్ను డబ్బు పెట్టాలా అన్న దగ్గర. అమెరికా కాంగ్రెస్‌లో ఉన్న లిబర్టేరియన్ రాన్ పాల్ 2002లో ఇరాక్ యుద్ధ తీర్మానానికి వ్యతిరేకంగా ఓటేశాడు. లిబర్టేరియన్‌నని చెప్పుకునే అర్జెంటీనా అధ్యక్షుడు హవియర్ మిలేయేమో ఇజ్రాయెల్ వైపు బాహాటంగా నిలబడ్డాడు. ఇక అమెరికా ఆర్థికవేత్త ముర్రే రోత్‌బార్డ్ లాంటివాళ్లు ఇంకా ముందుకెళ్లి, దేశ రక్షణ కూడా ప్రైవేటు సంస్థలు ఇన్సూరెన్స్ లాగా అమ్మొచ్చన్నారు. పన్నుల గురించి, నిర్బంధ సైన్యం గురించి వాళ్లు చెప్పేవి నన్ను చాలావరకు ఒప్పిస్తాయి గానీ, ఇది మాత్రం మింగుడుపడదు. సరిహద్దు దాటి ట్యాంకులు వస్తుంటే ప్రీమియం కట్టిన ఇంటిని కాపాడి కట్టని పక్కింటిని వదిలేయడం ఎలా కుదురుతుందో నాకింతవరకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు.