కళాశాల ప్రాజెక్టుకు వికీపీడియాను వాడవచ్చా?

ప్రాజెక్టు నివేదికలో వికీపీడియాను ఆధారంగా చూపవద్దని మీ గైడు చెప్పారని, అలాగైతే దాన్ని అసలు తెరవకూడదా అని అడిగారు. తప్పకుండా తెరవండి. అయితే ఆ వ్యాసం తన సమాచారాన్ని ఎక్కడి నుంచి తీసుకుందో ఆ మూలం దాకా వెళ్లి, దాన్ని చదివి, దాన్నే ఆధారంగా చూపండి. విశాఖపట్నంలో పీజీ చదివే రోజుల్లో హుద్‌హుద్ తుపానుపై ప్రాజెక్టు చేసిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

2014 అక్టోబరు 12న మన నగరం వద్ద తీరం దాటిన ఆ తుపాను గురించి ఆంగ్ల వికీపీడియాలో చూస్తే, గరిష్ఠ గాలి వేగం గంటకు 185 కిలోమీటర్లని ఒకచోట, 215 కిలోమీటర్లని మరోచోట కనిపిస్తుంది. నిజానికి ఇందులో వైరుధ్యం లేదు. మొదటిది భారత వాతావరణ శాఖ అనుసరించే మూడు నిమిషాల సగటు. రెండోది అమెరికా సంస్థలు అనుసరించే ఒక నిమిషం సగటు. సగటు తీసే వ్యవధి తగ్గితే గరిష్ఠ వేగం సహజంగానే పెరుగుతుంది. వ్యాసంలోని అంకెను ఎత్తి రాసుకుంటే ఈ తేడా నివేదికలోకి రాదు. రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చే ప్రమాదం కూడా ఉంది. అంకె పక్కనున్న మూలం సంఖ్యను నొక్కి వాతావరణ శాఖ నివేదికకు వెళ్లడం వల్ల తుపాను మార్గం, వాయుపీడనం, వర్షపాతం వివరాలన్నీ నాకు ఒకేచోట దొరికాయి. నా ప్రాజెక్టులో సగం బలం ఆ నివేదికదే.

మీ గైడు మాటలోనూ న్యాయముంది. మౌలిక పరిశోధనను ప్రచురించకూడదన్నది వికీపీడియా పెట్టుకున్న నియమాల్లో ఒకటి కనుక, అందులోని ప్రతి సంగతీ మరొకచోట ముందే అచ్చయి ఉండాలి. పైగా వ్యాసాన్ని ఎవరైనా ఎప్పుడైనా మార్చవచ్చు. అందుకే వివాదాస్పద విషయమైతే, వ్యాసంలో జరిగిన మార్పులను చూపే చరిత్ర పేజీని, దానిపై సంపాదకులు మాట్లాడుకునే చర్చ పేజీని కూడా చూడండి. ఏ వాక్యంపై ఎవరు ఏ అభ్యంతరం చెప్పారో అక్కడ తెలుస్తుంది, కొన్నిసార్లు వ్యాసం కన్నా ఆ చర్చే పరిశోధకుడికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో మన గ్రామాల వ్యాసాలు విస్తారంగా ఉన్నాయి. వాటిలో చాలావాటి జనాభా వివరాలు 2011 జనగణనవి కాబట్టి, గ్రామ సర్వే చేసేవారు ఆ సంవత్సరాన్ని తప్పక పేర్కొని, అంకెలను జనగణన పట్టికల నుంచే తీసుకోవాలి.

స్థానిక చరిత్రకు మాత్రం అచ్చు పుస్తకాలు తప్పవు. ఉదాహరణకు సింహాచలం శాసనాలు ‘దక్షిణ భారత శాసనాలు’ (South Indian Inscriptions) అనే గ్రంథమాల 6వ సంపుటంలో ఉన్నాయి. వ్యాసం నుంచి శాసన సంఖ్య రాసుకుని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయానికి వెళ్లి ఆ సంపుటం గురించి అడగండి. ఎప్పుడైనా వికీపీడియా వ్యాసాన్నే ఉటంకించవలసి వస్తే, మీరు చదివిన రూపమే పరీక్షకులకూ కనిపించేలా శాశ్వత లింకు ఇవ్వండి.