హైదరాబాద్‌లో ఉంటున్నాం, రెండు నెలల్లో డెలివరీ. ఏ స్ట్రాలర్ కొనమంటారు?

ఇప్పుడే ఏదీ కొనకండి. బిడ్డ పుట్టకముందే సామాను తేకూడదని పెద్దవాళ్లు ఎలాగూ అంటారు. వాళ్ల కారణం దిష్టి, నా కారణం వేరు. తొలి కాన్పు చాలావరకు పుట్టింట్లోనే కదా. తల్లీబిడ్డా తిరిగొచ్చేది మూడో నెలలోనో ఐదో నెలలోనో. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు అమ్మమ్మ ఒళ్లోనే అయిపోతాయి. అన్నాళ్లూ బండి అట్టపెట్టెలో ఉంటుంది, వారంటీ మాత్రం కరిగిపోతూ ఉంటుంది.

మేం పాపకి ఐదో నెల నిండాక కూకట్‌పల్లిలో ఒక పెద్ద షాపుకి వెళ్లాం. అక్కడి కుర్రాడు ఒక భారీ బండి తోసుకొచ్చి, "ఒక్క చేత్తో మడిచేయొచ్చు మేడమ్" అన్నాడు. మా ఆవిడ పాపని తీసి అతని ఎడమ చేతిలో పెట్టి, "ఏదీ, మడువు బాబూ" అంది. అతను కుడిచేత్తో మీట లాగాడు, కాలితో నెట్టాడు, మోకాలితో నొక్కాడు. బండి సగం వంగి బిగుసుకుపోయింది. ఈలోపు పాప అతని ఐడీ కార్డు నమలడం మొదలుపెట్టింది. చివరికి ఇంకో సేల్స్‌మన్ వచ్చి సాయం పట్టాడు. మేనేజర్ నవ్వుతూ "అలవాటైతే ఈజీ సార్" అన్నాడు. రోజూ అమ్మేవాళ్లకే అలవాటు కానిది మాకెప్పుడవుతుంది? మీరూ ఈ పరీక్ష పెట్టండి. బిడ్డను ఇవ్వడం ఇష్టం లేకపోతే ఐదు కిలోల బియ్యం సంచి ఇవ్వండి.

ఆ తర్వాత చూడాల్సింది బరువు. ఏడాది బిడ్డ దాదాపు తొమ్మిది కిలోలుంటుంది. పన్నెండు కిలోల బండి కొన్నారంటే లిఫ్ట్ ఆగిన రోజు మీ పని అయిపోయినట్టే. ఆరేడు కిలోలు దాటనివ్వకండి. క్యాబ్‌లో వెళ్లేవాళ్లయితే ఇంకో తలనొప్పి: సీఎన్‌జీ కారు డిక్కీ సగం సిలిండరే ఆక్రమిస్తుంది. మడిచినా ఒళ్లో పెట్టుకోలేని బండి ఇంట్లోనే ఉండిపోతుంది.

అమెరికా నుంచి మా బావమరిది ఒకటి పంపిస్తానన్నాడు. వద్దన్నాను. అక్కడ రోడ్డు దాటే చోట ఫుట్‌పాత్‌కి ర్యాంపు ఉంటుంది. మన ఫుట్‌పాత్ మీద ముందు మిర్చి బజ్జీల బండి, దాని పక్కన ట్రాన్స్‌ఫార్మర్, ఆ పక్కన పార్క్ చేసిన బుల్లెట్. అవన్నీ దాటితే బైకులు ఎక్కకుండా పాతిన ఇనుప స్తంభాలు. వాటి మధ్య నుంచి స్ట్రాలర్ దూరదు, బైకులు మాత్రం ఎలాగో దూరతాయి! నా దృష్టిలో ఈ ఊళ్లో స్ట్రాలర్ మాల్‌కి, మెట్రోకి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి తప్ప పనికిరాదు. దానికి పాతిక వేలు పెట్టడం శుద్ధ దండగ.

కాదు, పుట్టగానే కావాలంటే మాత్రం సీటు పూర్తిగా వెల్లకిలా వాలేదే తీసుకోండి. మెడ నిలవని పసికందుని కూర్చోబెట్టే సీటులో వేయకూడదు. బెల్టు ఐదు చోట్ల పట్టేది ఉండాలి: రెండు భుజాలు, నడుముకి రెండు వైపులా, కాళ్ల మధ్య. ఎండ తగులుతోందని పైన దుప్పటి కప్పేయకండి, లోపల గాలాడక ఉడికిపోతుంది. సెకండ్‌హ్యాండ్‌ది కూడా చూడండి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగితే కొత్త మెరుపు పోనివే దొరుకుతాయి. బ్రేకు, బెల్టు బకిల్ మాత్రం దగ్గరుండి లాగి చూసుకోండి.